గ్రనాదా పేరెత్తకుండా ఒక సాయంత్రం

మా సొరాయిదాకి ఒక జబ్బుంది. అడిగినవాళ్ళకి నిజం చెప్పేస్తుంది. మామూలు మనుషులకైతే ఆ జబ్బు పెద్ద ఇబ్బంది పెట్టదు. టూరిస్టులకు ఊరు చూపించి బతికే మనిషికి ఉంటే మాత్రం కష్టమే. అందులోనూ మా నికరాగువా దేశపు లియోన్‌లో నిలబడి పోటీ ఊరు గ్రనాదా గురించి నిజం చెప్పడమంటే, కోరి తలనొప్పి తెచ్చుకోవడం.

నేను పుట్టింది లియోన్‌లో, పెరిగింది లియోన్‌లో, రేపు నన్ను పాతిపెట్టేదీ ఇక్కడే. గ్రనాదా పేరు వింటే నాకూ ఒళ్ళు మండుతుంది. ఎందుకని నిలదీస్తే సరిగ్గా చెప్పలేను. మా ముత్తాతలు వాళ్ళ ముత్తాతలతో యుద్ధాలు చేశారు. ఏ ఊరు రాజధాని కావాలని మేమూ వాళ్ళూ జుట్లు పట్టుకుని కొట్టుకుంటుంటే, మధ్యలో తన మానాన తాను చేపలు పట్టుకుంటున్న చిన్న ఊరు మనాగువా ఆ కిరీటం ఎగరేసుకుపోయింది. యుద్ధాలు అయిపోయాయి గానీ కడుపుమంట చల్లారలేదు. ఇప్పుడు టూరిస్టుల కోసం కొట్టుకుంటున్నాం. నికరాగువాలో అడుగుపెట్టిన ప్రతి టూరిస్టూ ముందుగా అడిగేది ఒకటే. లియోన్ వెళ్ళాలా, గ్రనాదా వెళ్ళాలా?

దానికి మా ఊరి గైడ్లందరి దగ్గరా ఒకే జవాబు సిద్ధంగా ఉంటుంది. సొరాయిదా దగ్గర మాత్రం ఉండదు. ఎదుటివాళ్ళ మొహం చూసి, వాళ్ళకేం కావాలో అడిగి, అప్పుడు చెబుతుంది.

ఆ ఏడాది ఆగస్టు మొదట్లో గైడ్ల సంఘం సమావేశం మా ఇంట్లో పెట్టుకున్నారు. నాకు టూరిస్టులు దిగే నాలుగు గదుల బస ఉంది, నడిమధ్య మామిడి చెట్టున్న పెద్ద వాకిలి ఉంది, కాబట్టి ఊళ్ళో ఏ సంఘం కూర్చోవాలన్నా మా ఇల్లే గుర్తొస్తుంది. సంఘానికి అధ్యక్షుడు లెయొంతే సర్రియా గారు. నిలువెత్తు మనిషి, నలగని చొక్కా, మూడు వీధుల అవతలికి వినపడే గొంతు. చెడ్డవాడు కాదు. ఊరంటే పిచ్చి, అంతే.

"వచ్చే వారం కోస్తారికా నుంచి హిమేనా గారు వస్తున్నారు," అన్నాడాయన. "ఏడాది పొడవునా బస్సుల్లో జనాన్ని దింపే ఏజెన్సీ ఆవిడది. రాత్రి బసకి ఒక్క ఊరినే పెట్టుకుంటారట. మనమన్నా కావాలి, వాళ్ళన్నా కావాలి. ముందు ఆ ఊరు చూసి, తర్వాత మన దగ్గరికొస్తారు."

అందరూ కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. లెయొంతే గారు సొరాయిదా వైపు తిరిగాడు.

"ఏమ్మా, మొన్న కథెడ్రల్ మెట్ల మీద ఆ డచ్చి దంపతులకి ఏం సలహా ఇచ్చావు?"

"ఒక్క రోజే ఉందన్నారండీ. ఆయనకి పడవెక్కాలని సరదా. గ్రనాదా వెళ్ళండి, అక్కడ బాగుంటుంది అన్నాను. ఇక్కడ పడవ ఎక్కడ ఎక్కించను, మురిక్కాలవలోనా?"

ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. లెయొంతే గారు నవ్వలేదు.

"ఈ ఊరి తిండి తింటూ ఆ ఊరికి బేరాలు పంపుతున్నావన్నమాట."

"బేరాలేంటండీ, మనుషులు వాళ్ళు."

"సరే, అందరి ముందూ చెబుతున్నా విను. హిమేనా గారు గ్రనాదాకి ఓటేశారా, నీ మెడలో ఆ కార్డు తీసి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపో. మళ్ళీ ఈ ఊళ్ళో టూరిస్టు పక్కన కనపడటానికి వీల్లేదు."

నేనే ఉండబట్టలేక, "ఎవరో ఆ ఊరిని ఎంచుకుంటే ఈవిడ కార్డు ఎందుకు పోవాలయ్యా?" అన్నాను.

"తెరెసీతా, నువ్వు కాఫీ సంగతి చూడు," అన్నాడు.

చూశాను. ఆయన కప్పులో చక్కెర వేయలేదు.

సొరాయిదా మెడలోని గుర్తింపు కార్డుని పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. ఆ కార్డు ఆమెకి ఎంత విలువైందో మీకు తెలియాలంటే ఆమె ఎలా వచ్చి మా ఊళ్ళో పడిందో తెలియాలి.

పుట్టింది గ్రనాదాలో, హల్తేవా పేటలో. తండ్రి దమాసో గుర్రబ్బండి తోలి టూరిస్టులను తిప్పేవాడు, ఇప్పటికీ తిప్పుతున్నాడు. ఈ పిల్ల బడి ఎగ్గొట్టి బండి ముందు పలక మీద తండ్రి పక్కన ఎక్కి కూర్చునేది. తండ్రి వీధి పేరు చెబితే, ఆ వీధిలో ఎవరు ఎవరితో మాట్లాడరో, ఎందుకు మాట్లాడరో ఈవిడ చెప్పేది. బండిలో వాళ్ళు మేడల వైపు చూడటం మానేసి పిల్ల మొహంలోకి చూసేవాళ్ళట.

పెద్దయ్యాక ఒకసారి లియోన్‌కీ గ్రనాదాకీ బేస్‌బాల్ ఆట జరిగింది. మా ఊరి రొట్టెల నికాసియో ఆట చూడ్డానికి గ్రనాదా వెళ్ళాడు. మా వాళ్ళ వైపు చోటు దొరక్క, పోయి పోయి వాళ్ళ వాళ్ళ మధ్య కూర్చుని లియోన్ కోసం గొంతు చించుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నారింజ తొక్కలతో కొట్టారు. మొదటి తొక్క సొరాయిదాదే. ఆట లియోన్ గెలిచింది. గేటు దగ్గర అతను జేబులోంచి ఆ తొక్క తీసి, "ఇది మీరు పారేసుకున్నట్టున్నారు," అని చేతిలో పెట్టాడట. ఆరు నెలలు తిరక్కుండా పెళ్ళి నిశ్చయమైంది. దమాసో తల బాదుకున్నాడు. "లోకంలో మగాళ్ళు కరువయ్యారా? దొరక్క దొరక్క లియోన్ వాడు దొరికాడా నీకు?" అన్నాడు. అన్నాడే గానీ, పెళ్ళినాడు గుర్రాలకి పూలు కట్టి ఆయనే బండి తోలాడు.

కొత్త కాపురం పెట్టిన ఏడాదే సొరాయిదా పెద్ద పొరపాటు చేసింది. ఆగస్టు పద్నాలుగు సాయంత్రం మా ఊళ్ళో వాళ్ళూ వీళ్ళని లేకుండా అందరూ వీధుల్లో ఉంటారు. ఇంటింటి ముందూ నిలబడి "ఇంత ఆనందం ఎవరి వల్ల?" అని అరుస్తారు. లోపలివాళ్ళు "మరియమ్మ మోక్షారోపణ వల్ల!" అని జవాబిచ్చి, చెరుకు ముక్కో నిమ్మకాయో మిఠాయో చేతిలో పెడతారు. మోక్షారోపణంటే మరియమ్మ స్వర్గానికి చేరిన రోజు. వెనకటికి సెర్రో నెగ్రో అగ్నిపర్వతం మా నెత్తిన రోజుల తరబడి బూడిద పోస్తుంటే, అది ఆగాలని మా బిషప్పు మొక్కుకున్న మొక్కు ఇది. డిసెంబరులో ఇలాంటి అరుపుల పండుగ దేశమంతా చేస్తుంది. ఆగస్టుది మాత్రం మా ఒక్క ఊరిదే. నికాసియోకి భార్యకి ఈ సంగతి చెప్పాలని తోచలేదు. లియోన్ వాడికి ఎందుకు తోస్తుంది, ఆగస్టులో ఎండ కాస్తుందని ఎవరైనా చెబుతారా? అతను రొట్టెల కొట్లో ఉన్నాడు. ఇంటి ముందు గుంపు చేరి అరిచింది, టపాసులు పేలాయి. ఆ మోతలో మాటలు వినపడక, ఊళ్ళో ఏదో గొడవ లేచిందనుకుని ఈ పిల్ల తలుపు గడియ వేసి, బల్ల అడ్డంపెట్టి, మంచం కింద దూరింది. మరియమ్మ పేరు చెప్పుకుని వచ్చినవాళ్ళ మొహాన గ్రనాదా కోడలు తలుపేసిందని పేటంతా గుప్పుమంది.

ఇంకొకతె అయితే సిగ్గుతో వారం రోజులు బయటికి రాదు. ఈవిడ మర్నాడు పొద్దున్నే గంపనిండా మొగుడి రొట్టెలు పెట్టుకుని, పట్టపగలు ఒక్కతే మా వీధిలో ఇంటింటి ముందూ నిలబడి అరిచింది. మా తలుపు నేనే తీశాను.

"పండుగ నిన్నే అయిపోయింది కదే పిల్లా!"

"నాది ఇవాళ, వదినా," అని రొట్టె చేతిలో పెట్టింది. నవ్వలేక చచ్చాను. ఆ రోజు నుంచి మేమిద్దరం వదినలం.

తర్వాత కథెడ్రల్ ముందు రొట్టెలు అమ్ముతూ, దారి అడిగిన టూరిస్టుల వెంట నాలుగడుగులు నడిచి చూపించేది. నాలుగడుగులు నాలుగు వీధులయ్యాయి. రొట్టెలు చల్లారిపోతున్నాయని నికాసియో గోలపెట్టేవాడు. చివరికి సంఘంలో చేరి కార్డు తీసుకుంది. ఆ రోజు మా ఇంటికొచ్చి నాతో ఒక మాట అంది. "ఈ ఊరు నాకు పుట్టుకతో రాలేదు వదినా. వాళ్ళకీ వీళ్ళకీ చూపిస్తూ చూపిస్తూ నేనే సంపాదించుకున్నాను." అలాంటి మనిషి మెడలో కార్డు తీసేస్తానన్నాయనకి చక్కెర లేని కాఫీ కూడా ఎక్కువే.

హిమేనా గారు వచ్చేది సరిగ్గా ఆగస్టు పద్నాలుగున పడింది. లెయొంతే గారు తల పట్టుకున్నాడు.

"సాయంత్రం అయిదయ్యేసరికి వాళ్ళని బస్సెక్కించెయ్యాలి. మనిళ్ళల్లో మొక్కు ఉంటుంది."

"ఆ మొక్కే చూపిద్దామండీ," అంది సొరాయిదా.

"మనింటి మొక్కులో టూరిస్టుకి చూపించడానికేముంది? టికెట్టా, కుర్చీయా? నువ్వు మాట్లాడకు. నీళ్ళ సీసాలు పట్టుకుని వెనకాల నడువు చాలు."

హిమేనా గారు పొద్దున్నే దిగారు. గడ్డి టోపీ పెట్టుకున్న బొద్దుమనిషి, ప్రతిదానికీ నవ్వే కళ్ళు. వెంట గస్పార్ అనే బక్కపలచని ఆయన. నవ్వితే ఏదో అరిగిపోతుందన్నట్టుండే మొహం. ఇంకో ఇద్దరున్నారు గానీ వాళ్ళు ఫోటోలు తీయడం తప్ప మాట్లాడింది తక్కువ. గ్రనాదా సరస్సులో తిరిగొచ్చిన ఎండ వాళ్ళ ముక్కుల మీద ఇంకా ఎర్రగా ఉంది. చూస్తేనే తెలిసిపోతోంది, అక్కడ బాగా నచ్చిందని.

దాంతో మావాళ్ళు రెచ్చిపోయారు.

కథెడ్రల్ పైకప్పు మా ఊరి గర్వం. చెప్పులు విప్పి ఎక్కాలి, అంతా తెల్లటి గుమ్మటాలు, దూరంగా అగ్నిపర్వతాల వరస. అక్కడ నిలబడి లెయొంతే గారు చెప్పిందేమిటి? "గ్రనాదా కథెడ్రల్ చూశారుగా? పసుపు పూసుకున్న పెళ్ళికూతురు. ఒక్క వాన పడితే రంగు కారిపోతుంది."

రెండో గైడు అగ్నిపర్వతాల వైపు చెయ్యి చూపించాడు. "గ్రనాదా వాళ్ళ అగ్నికొండ ఎప్పుడో చచ్చింది, పాపం. మావి బతికున్నాయి."

సంతలో మూడో ఆవిడ గస్పార్ గారిని ఆపింది. "అక్కడ అరిటాకులో పెట్టిన ఆ కర్రపెండలం, పంది తోలు వేపుడు తిన్నారా? కడుపెలా ఉందండీ ఇప్పుడు?"

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు గస్పార్ గారు. "ఇంకో ఆకు తినాల్సింది."

"వాళ్ళ గుర్రబ్బండ్లు ఎక్కారా? ఆ గుర్రాల పక్కటెముకలు ఒక్కొక్కటీ కనపడుతుంటాయి!" అన్నాడు మరొకడు.

వెనకాల ధడేలుమని చప్పుడైంది. సొరాయిదా నీళ్ళ సీసాల సంచీ కింద పెట్టేసింది. "మా నాన్న తను తినే ముందు వాటికి పెడతాడు," అంది. లెయొంతే గారు గుడ్లురిమి చూశాడు. ఆమె పెదవి కొరుక్కుని మళ్ళీ సంచీ ఎత్తుకుంది.

మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. మా ఊరి ఎండ సంగతి మీకు తెలియదేమో, పన్నెండింటికి కుక్కలు కూడా రోడ్డు దాటవు. ఉదయం నుంచి ఆ ఎండలో తిరిగిన నలుగురూ కుర్చీల్లో కూలబడ్డారు. హిమేనా గారు టోపీతో విసురుకుంటూ మర్యాదగానే అడిగారు.

"లెయొంతే గారూ, ఏమీ అనుకోకండి. మేం రెండు రోజులు గ్రనాదాలో ఉన్నాం. అక్కడ ఒక్కరూ లియోన్ పేరెత్తలేదు. ఇక్కడ ఉదయం నుంచి మీరందరూ నాకు గ్రనాదానే చూపిస్తున్నారు. మీ ఊరు ఎక్కడుందండీ?"

లెయొంతే గారి చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. నిజానికి అందులో ఎవరి తప్పూ లేదు. మా ఊరి మనిషిని పట్టుకుని నీ గురించి చెప్పమంటే, నేను గ్రనాదా వాణ్ణి కాను అని మొదలుపెడతాడు. అలా పెరిగాం మేం. కానీ ఆ పూట ఆ మాట విని నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది.

"ఎండ కూడా దంచేస్తోంది," అన్నాడు గస్పార్ గారు. "అయిదు దాకా ఎందుకు, మూడింటికే బయల్దేరితే?"

"మీ ఇష్టం," అన్నాడు లెయొంతే గారు. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

పని అయిపోయినట్టే. సొరాయిదా కార్డు ఆ బల్ల మీదికి చేరినట్టే. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె వైపు చూశాను. ఆమె నీళ్ళ సంచీ పక్కన పెట్టి తిన్నగా హిమేనా గారి దగ్గరికెళ్ళింది.

"నిద్రొస్తోందా అమ్మా?"

"చచ్చేంత."

"అయితే పడుకోండి. ఈ వేళప్పుడు ఈ ఊళ్ళో తిరిగేవాళ్ళు ఎవరూ లేరు. మేమూ పడుకుంటాం. చల్లబడ్డాక నేను లేపుతాను. అప్పుడు కూడా వెళ్ళిపోవాలనిపిస్తే బస్సు ఎక్కడికీ పోదు."

హిమేనా గారు నడవాలో కట్టిన వల ఊయలల వైపు ఆశగా చూశారు. లెయొంతే గారు సొరాయిదాని పక్కకి లాగాడు.

"ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళని పడుకోబెడతావా? మతి ఉందా నీకు?"

"మీరు చూపించాల్సింది చూపించారు కదండీ. నా కార్డు ఎలాగూ మీ దగ్గరికే వస్తోంది. ఈ ఒక్క సాయంత్రం నా మెడలో ఉండనివ్వండి."

ఆయన చెయ్యి విదిలించి కుర్చీలో కూలబడ్డాడు. నలుగురూ ఊయలలెక్కారు. గస్పార్ గారి గురక మా మామిడి చెట్టు మీద పిట్టల్ని లేపేసింది.

వాళ్ళు పడుకున్నారు గానీ సొరాయిదా పడుకోలేదు. రొట్టెల కొట్టుకెళ్ళి పిండి సంచులు దులిపి తెచ్చింది. గైడ్లందర్నీ మామిడి చెట్టు కిందికి పిలిచింది.

"ఒక్కటే అడుగుతున్నాను. ఈ సాయంత్రం మీలో ఎవరి నోటా గ్రనాదా పేరు రాకూడదు. చెడూ వద్దు, మంచీ వద్దు."

"మరి ఏం మాట్లాడాలి?" అన్నాడు రెండో గైడు. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాడు పాపం. నేను చేతిగుడ్డ నోట్లో కుక్కుకున్నాను.

పొద్దు వాలింది. కథెడ్రల్ గంటలు మోగాయి. ఆ వెంటనే ఊరు నలుమూలలా టపాసులు ఒక్కసారి పేలాయి. హిమేనా గారు ఊయలలోంచి దూకినంత పనిచేశారు.

"ఏమైంది? యుద్ధమా?"

"పండగమ్మా," అని సొరాయిదా ఒక సంచీ చేతికిచ్చింది.

"చూడ్డానికి ఎక్కడ నిలబడాలి?"

"చూసేదేం లేదు. మీరే అరవాలి."

వెంట నేనూ వెళ్ళాను. మొదటి ఇల్లు మా వీధి చివర ముసలి బ్రిజీదది. కిటికీ ఊచల వెనక మరియమ్మ విగ్రహం, నీలం గుడ్డలు, దీపాలు, పూలు. గుమ్మంలో ముసలామె, పక్కన చెరుకు ముక్కల బుట్ట. సొరాయిదా చెవిలో చెప్పిన అరుపుని హిమేనా గారు సిగ్గుపడుతూ గొణిగారు. బ్రిజీద చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఏంటమ్మాయ్? మధ్యాహ్నం అన్నం తినలేదా?"

గుంపంతా గొల్లుమంది. హిమేనా గారు ఊపిరి పీల్చుకుని కేకేశారు. "ఇంత ఆనందం ఎవరి వల్ల?"

"మరియమ్మ మోక్షారోపణ వల్ల!" బ్రిజీద పళ్ళు లేని నోటితో అంతకన్నా గట్టిగా అరిచి, చెరుకు ముక్కా రెండు నిమ్మకాయలూ సంచిలో పడేసింది. హిమేనా గారు అలవాటుకొద్దీ చేతిసంచి తెరిచి నోటు తీయబోయారు. ముసలామె మొహం మారిపోయింది.

"డబ్బులేంటి? ఇచ్చేది మరియమ్మ, నేను కాదు. పక్కకి జరుగు, వెనకాల జనం ఉన్నారు."

హిమేనా గారు వీధి మధ్యలో చెరుకు ముక్క పట్టుకుని నిలబడిపోయారు. "ఎవరో ఏమిటో తెలియనిదానికి ఊరికే ఇచ్చేసిందా?"

"తెలియనివాళ్ళకే ముందిస్తారు," అంది సొరాయిదా. "మీరు ఇంకా చాలా అరవాలి, పదండి."

ఆ తర్వాత ఆవిణ్ణి పట్టుకోవడం మా వల్ల కాలేదు. గడప గడపకీ పరిగెత్తారు. ఒకచోట గుమ్మడికాయ పాకం, ఒకచోట మొక్కజొన్న మిఠాయి, ఒకచోట ప్లాస్టిక్ గిన్నె. ప్రతిదీ ఎత్తి అందరికీ చూపించడం, మళ్ళీ పరిగెత్తడం. టోపీ ఎక్కడో పడిపోయింది, వెతుక్కోలేదు.

గస్పార్ గారు మాత్రం "నాకిలాంటివి సరిపడవు" అని ముందే చెప్పేశాడు. రెండు వీధులు దాటేసరికి మనిషి కనపడలేదు. సొరాయిదా నా చెయ్యి పట్టుకుని లాగింది. అతిథిని తప్పిపోనిస్తే ఇక ఏ కార్డూ మిగలదు. వెనక్కి వెతుక్కుంటూ వెళితే, గ్వాదలూపే పేటలో ఒక ఇంట్లోంచి తెలిసిన గొంతు వినిపించింది.

"మిఠాయి అయిపోతోంది, ఇంకో పళ్ళెం తీసుకురండమ్మా! తోసుకోకండి, అందరికీ ఉంది!"

చొక్కా చేతులు మడిచి, చెమటలు కారుస్తూ, గస్పార్ గారు ఆ ఇంటివాళ్ళ గుమ్మంలో నిలబడి పంచుతున్నాడు. ఇంటావిడకి చెయ్యి నొప్పెడుతోందంటే ఆయన అందుకున్నాడట. మమ్మల్ని చూసి, "మీరు వెళ్ళండి, నాకిక్కడ పనుంది," అన్నాడు.

లెయొంతే గారు దూరదూరంగా వెనకే వస్తున్నాడు. ఎక్కడ చెడుతుందో చూడ్డానికే వచ్చాడని నా అనుమానం. కానీ ఆయన కూడా లియోన్ బిడ్డే. ఒక మూల జనం ఆయన్ని గుర్తుపట్టి, "లెయొంతే, ఒక్క అరుపు!" అన్నారు. మొదట చేతులూపాడు. తర్వాత ఛాతీ నింపుకుని అరిచాడు. ఉదయమంతా పొరుగూరిని తిట్టడానికి వాడిన గొంతు అది. పక్క పేట నుంచి జవాబు వచ్చింది. ఆ పక్క పేట నుంచి ఇంకో జవాబు. ఆయన కళ్ళు చెమర్చడం నేను చూశాను. ఆ తర్వాత ఆయనే అందరికన్నా ముందు నడిచాడు. ఉదయం నుంచి మావాళ్ళు చూపించలేకపోయిన లియోన్ అప్పుడు మా అందరి చుట్టూ ఉంది.

చివరికి మా ఇంటికి చేరి, నా మరియమ్మ ముందు కూడా అరిచి, నా మిఠాయి కూడా పుచ్చుకుని, అందరూ మామిడి చెట్టు కింద కూలబడ్డారు. గైడ్లందరూ వచ్చారు. హిమేనా గారికి గొంతు పోయింది. బొంగురు గొంతుతోనే మొదలుపెట్టారు. సొరాయిదా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, కార్డు పిడికిట్లో.

"రాత్రి బస ఇక్కడే," అన్నారు హిమేనా గారు.

మావాళ్ళు అరిచిన అరుపుకి చెట్టు మీద మిగిలిన పిట్టలు కూడా లేచిపోయాయి. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"గ్రనాదా అందంగా ఉంది. వాళ్ళు చూపించారు, మేం చూశాం. ఇక్కడ నాతో అరిపించారు. నేను ఈ పనిలో ఎన్ని ఊళ్ళు తిరిగానో, నాతో ఎవరూ ఇలా చేయించలేదు."

"కానీ పండుగ రోజూ ఉండదుగా," అన్నాడు గస్పార్ గారు, మిఠాయి అంటుకున్న వేళ్ళు నాక్కుంటూ.

"పండుగ ఉండదు గానీ ఆ గడపలు ఉంటాయండీ," అంది సొరాయిదా. "రోజూ చల్లబడ్డాక అందరూ ఊగే కుర్చీలు వీధిలో వేసుకుని కూర్చుంటారు. మీ వాళ్ళని తీసుకెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోబెడతాను. ఇంకేమీ చూపించక్కర్లేదు."

గస్పార్ గారు తలూపాడు. హిమేనా గారు మళ్ళీ గొంతు సవరించుకున్నారు.

"ఒక షరతు. రాత్రులు ఇక్కడ, ఒక పగలు గ్రనాదాలో. బస్సు కదిలే ముందు మా వాళ్ళకి ఆ ఊరి గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పి, సంతోషంగా పంపే మనిషి కావాలి. తిట్లు వద్దు. మీలో ఎవరికి చేతనవుతుంది?"

రెండో గైడు చెప్పులు చూసుకున్నాడు. సంతలో వాగిన ఆవిడ జడ సవరించుకుంది. ఒక్కొక్కరే తలలు తిప్పారు. అందరి చూపూ గుమ్మం దగ్గరికే వెళ్ళింది.

"ఉంది," అన్నాడు లెయొంతే గారు. ఆ రెండక్షరాలకీ ఆయన చాలా కష్టపడ్డాడు. "ఒక్కతే ఉంది."

సొరాయిదా నవ్వలేదు. నాలుగడుగులు ముందుకు వేసి ఆయన ఎదురుగా నిలబడింది.

"కార్డు బల్ల మీద పెట్టమన్నారు కదండీ."

"మెడలోనే ఉంచుకోమ్మా. నేను తొందరపడ్డాను."

"ఉంచుకుంటాను. కానీ ఆ ఊరి మంచి నేనొక్కదాన్నే చెబుతుంటే రేపు మళ్ళీ ఏదో ఒకటి నా మెడకే చుట్టుకుంటుంది. ఇక్కడున్నవాళ్ళందరూ చెప్పాలి. ఇప్పుడే, ఇక్కడే, తలో మాట. ముందు మీరు."

"నేనా?"

"అధ్యక్షులు కదా మరి."

లెయొంతే గారు జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చెట్టు వైపు చూశాడు, నా మరియమ్మ వైపు చూశాడు, సహాయం చేస్తానేమోనని నా వైపు కూడా చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను. నాకు ఆ క్షణంలో ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను.

"గ్రనాదాలో..." అన్నాడు. దగ్గొచ్చింది. నీళ్ళు తాగాడు. "గ్రనాదాలో సరస్సు బాగుంటుంది."

"మూడు వీధులకి వినపడే గొంతు కదండీ మీది," అంది సొరాయిదా.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఛాతీ నింపుకున్నాడు.

"గ్రనాదా సరస్సు బాగుంటుంది!"

వీధిలో సంచులతో పోతున్నవాళ్ళు టక్కున ఆగి మా గుమ్మంలోంచి లోపలికి తొంగి చూశారు. లియోన్ నడిబొడ్డున, మొక్కు పూట, గైడ్ల సంఘం అధ్యక్షుడు ఆ మాట అరవడం వాళ్ళు తమ చెవులతో విన్నారు. హిమేనా గారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. లెయొంతే గారు ఇంకా బతికే ఉన్నానా అన్నట్టు తనను తాను తడుముకున్నాడు.

సొరాయిదా అప్పుడు కార్డు వదిలి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, మా ఊరి గైడ్లందర్నీ ఒకసారి కలియజూసింది.

"తర్వాత ఎవరు?" అంది.